ప్రయాణానికి ముందు టీకా – తవక్కుల్‌కు విరుద్ధమా?



వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో విదేశీ ప్రయాణం ఇప్పుడు అరుదైన విషయం కాదు. ఏటా మన పెద్దలు హజ్‌కు వెళుతున్నారు. రమజాన్ దగ్గర పడితే ఉమ్రా యాత్రికుల సంఖ్య పెరుగుతుంది. మన యువకులు కువైట్‌కు, సౌదీకి, ఖతర్‌కు పనికోసం పోతున్నారు. ప్రయాణం ఖరారయిందంటే చాలు, ఇంట్లో హడావుడి మొదలవుతుంది. ఇహ్రామ్ వస్త్రాలు కొంటారు, ఊరగాయ జాడీలు కడతారు, బంధువులందరి వద్దకూ వెళ్ళి క్షమాపణలు కోరుకుంటారు. ఇవన్నీ మంచి పనులే. కాని టీకా విషయం వచ్చేసరికి మాత్రం, "అల్లాహ్ ఇంటికి వెళుతున్నాం, ఆయనే చూసుకుంటాడు, సూది ఎందుకు?" అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. మరికొందరు "సూది వద్దు గాని కాగితం మీద ముద్ర ఉంటే చాలు" అంటారు.

ఈ రెండు మాటలనూ ధర్మం దృష్టితోనూ, వైద్యం దృష్టితోనూ పరిశీలించటం అవసరం. ఎందుకంటే ఇది ఒక్క యాత్రికుని ఆరోగ్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అతని పక్కన నమాజులో నిలబడేవారి ప్రాణం, అతను తిరిగివచ్చి ఎత్తుకుని ముద్దాడే మనవడి ప్రాణం కూడా ఇందులో ముడిపడి ఉన్నాయి.

తవక్కుల్ అంటే ఏమిటి?

తవక్కుల్ అంటే అల్లాహ్ పైన భారం వేయటం. అయితే చేయవలసిన పని చేయకుండా భారం వేయటాన్ని ఇస్లాం తవక్కుల్ అనలేదు. ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, కట్టకుండానే వదలి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టేసి ఆ తర్వాత నమ్ముకోమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. తిర్మిజీ గ్రంథంలో ఉన్న ఈ హదీసు మనందరికీ తెలిసినదే.

హజ్ విషయంలోనే దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ ఉంది. యెమన్ ప్రాంతం నుంచి వచ్చే కొందరు యాత్రికులు దారి బత్తెం ఏమీ తెచ్చుకునేవారు కాదు. మేము అల్లాహ్‌ను నమ్ముకున్నవాళ్ళం అనేవారు. తీరా మక్కా చేరాక ప్రజల ముందు చేయి చాచేవారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ సంగతి తెలిపినట్లు బుఖారీలో ఉంది. అప్పుడే, ప్రయాణానికి కావలసిన సామగ్రిని వెంట తీసుకోవాలనీ, సామగ్రి అన్నింటిలోకీ తఖ్వా ఉత్తమమైనదనీ తెలిపే అల్ బఖరా సూరా 197వ వాక్యం అవతరించింది. గమనించండి: తఖ్వా ఉంటే బత్తెం అక్కర్లేదని అల్లాహ్ చెప్పలేదు. బత్తెం తీసుకోండి, దానితోపాటు తఖ్వాను కూడా తీసుకోండి అనే అర్థం అందులో ఉంది. లక్షల మంది ఒకే మైదానంలో గుమిగూడే ఈ కాలపు హజ్‌లో టీకా కూడా దారి బత్తెంలో భాగమే.

హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు

హిజ్రీ 18వ సంవత్సరంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియా పర్యటనకు బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరగానే సిరియాలో ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన ముహాజిర్లను సంప్రదించారు, అన్సార్లను సంప్రదించారు. వారిలో భేదాభిప్రాయాలు వచ్చాయి. అప్పుడు ఖురైషు పెద్దలను పిలిచి అడిగారు. వారంతా వెనక్కి మరలటమే మంచిదన్నారు. సైన్యాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి) మాత్రం, విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని ప్రశ్నించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: మేము ఒక విధివ్రాత నుంచి మరో విధివ్రాత వైపుకు పోతున్నాం. ఒక లోయకు పచ్చని గట్టు, ఎండిన గట్టు ఉంటే ఒంటెల కాపరి పచ్చని గట్టున మేపినా అల్లాహ్ విధి ప్రకారమే, ఎండిన గట్టున మేపినా అల్లాహ్ విధి ప్రకారమే.

ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ఈ విషయంలో తాను ప్రవక్త (స) నోట విన్న హదీసును తెలిపారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దు, మీరున్న ఊరిలో ప్లేగు వస్తే దాని నుంచి పారిపోవటానికి బయటికి రావద్దు అన్నది దాని భావం. ఈ ఆదేశంలో రెండు వైపులా రక్షణ ఉంది. మొదటి భాగం మనల్ని కాపాడుతుంది. రెండవ భాగం మన వల్ల ఇతరులకు హాని కలగకుండా కాపాడుతుంది. టీకా చేసే పని కూడా ఇదే.

రోగం రాకముందే జాగ్రత్త పడటం ధర్మసమ్మతమేనా అని కొందరు అడుగుతారు. ఉదయం ఏడు అజ్వా ఖర్జూరాలు తినటం గురించి ప్రవక్త (స) చేసిన బోధన బుఖారీలో ఉంది. హాని కలగకముందే తీసుకునే జాగ్రత్త అది. సౌదీ అరేబియాకు చెందిన ప్రముఖ విద్వాంసులు షేఖ్ ఇబ్నె బాజ్ (రహ్మతుల్లాహి అలైహి) టీకాలు ధర్మసమ్మతమేనని చెబుతూ ఈ హదీసునే ఆధారంగా చూపారు. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా, అంటువ్యాధుల విషయంలో వైద్యాన్నీ, నివారణ టీకాలనూ తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని తీర్మానించింది.

హజ్ చరిత్ర నేర్పిన పాఠాలు

1865లో హజ్ సమయంలో కలరా వ్యాపించి వేలాది యాత్రికులు మరణించారు. తిరిగివెళ్ళే వారితోపాటు ఆ వ్యాధి ఈజిప్టుకు, అక్కడి నుంచి ఐరోపాకు చేరింది. మరుసటి సంవత్సరం, 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో అనేక దేశాల ప్రతినిధులు ప్రత్యేకంగా ఈ విషయంపైనే సమావేశమయ్యారు. 1882లో ఎర్ర సముద్రంలోని కమరాన్ ద్వీపంలో క్వారంటైన్ కేంద్రం తెరిచారు. బొంబాయి నుంచి ఓడల్లో వెళ్ళిన మన తాతముత్తాతలు అక్కడ దిగి, రోజుల తరబడి ఆగి, పరీక్షలు ముగిశాకే ముందుకు సాగేవారు. నేడు మనం ఆ ద్వీపంలో ఆగనవసరం లేదు. దానికి బదులు పది నిమిషాల్లో ఒక టీకా వేయించుకుంటే చాలు. ఇది అల్లాహ్ మనకు ప్రసాదించిన సౌలభ్యం కాదా?

1987లో హజ్ సందర్భంగా మెనింజైటిస్ (మెదడుపొరల వాపు) వ్యాపించింది. అది 'ఎ' రకం క్రిమి వల్ల వచ్చింది. ఆ తర్వాత సౌదీ ప్రభుత్వం యాత్రికులందరికీ టీకా తప్పనిసరి చేసింది. అయితే 2000, 2001 సంవత్సరాల్లో 'డబ్ల్యు–135' అనే మరో రకం క్రిమి విజృంభించింది. అప్పట్లో చాలామంది వేయించుకున్న టీకా 'ఎ', 'సి' రకాలకు మాత్రమే పనిచేసేది. 2000లో వివిధ దేశాల్లో 400 మందికి పైగా ఈ వ్యాధికి గురయ్యారు. వారిలో హజ్‌కు వెళ్ళనివారు కూడా ఉన్నారు! యాత్ర ముగించి వచ్చిన వారి నుంచి ఇంటివారికి సోకింది. అందుకే 2002 నుంచి ఎ, సి, వై, డబ్ల్యు అనే నాలుగు రకాలకూ పనిచేసే టీకానే తప్పనిసరి చేశారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2024 ఏప్రిల్, మే నెలల్లో సౌదీ ఉమ్రా ప్రయాణాలతో సంబంధమున్న 12 మెనింజైటిస్ కేసులు అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల్లో బయటపడ్డాయి. వారిలో టీకా వివరాలు తెలిసినవారు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ఒక్కరు కూడా టీకా వేయించుకోలేదు.

ఆ వ్యాధి ఎలాంటిది?

ఈ క్రిమి కొందరి గొంతులో, ముక్కులో ఏ బాధా కలిగించకుండా ఉంటుంది. దగ్గు, తుమ్ము తుంపరల ద్వారా, ఒకే గ్లాసులో తాగటం వంటి దగ్గరి మెలకువల్లో ఇతరులకు చేరుతుంది. మినాలోని గుడారాల్లో పక్కపక్కనే పడుకునే చోట అది సోకటం ఎంత సులువో ఆలోచించండి. వ్యాధి బయటపడితే తీవ్రమైన జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవటం, వాంతులు, వెలుతురు చూడలేకపోవటం, ఒంటిపై ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. ఒక్కోసారి 24 గంటల్లోనే ప్రాణం పోవచ్చు. వైద్యం అందినా పదిమందిలో సుమారు ఒకరు చనిపోతారు. బ్రతికినవారిలో కొందరికి చెవుడు వస్తుంది, కొందరు కాళ్ళూచేతులూ కోల్పోతారు. కాబట్టి తిరిగివచ్చిన రెండు వారాల్లోపు ఇలాంటి లక్షణాలు కనిపిస్తే, ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చోక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, "మేము హజ్ నుంచి వచ్చాం" అని వైద్యునికి చెప్పాలి.

హజ్, ఉమ్రా యాత్రికులకు ఏయే టీకాలు?

1. మెనింజైటిస్ టీకా: ఇది తప్పనిసరి. ఏడాది దాటిన పిల్లల నుంచి వృద్ధుల వరకు అందరూ వేయించుకోవాలి. సౌదీ చేరటానికి కనీసం 10 రోజుల ముందే పూర్తికావాలి. ఎందుకంటే శరీరం రక్షణశక్తిని తయారుచేసుకోవటానికి అంత సమయం పడుతుంది. కాంజుగేట్ రకం టీకాకు 5 సంవత్సరాలు, పాత పాలీశాకరైడ్ రకానికి 3 సంవత్సరాలు చెల్లుబాటు ఉంటుంది. ఏ రకం వేశారో సర్టిఫికెట్ మీద స్పష్టంగా వ్రాయించుకోండి. వ్రాయకపోతే 3 సంవత్సరాలకే లెక్కిస్తారు. కాంజుగేట్ రకానికి మరో మేలు కూడా ఉంది. గొంతులో క్రిమి నిలిచి ఉండటాన్ని అది కొంతవరకు తగ్గిస్తుంది. అంటే ఇంటివారికి కూడా రక్షణే.

2. ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) టీకా: హజ్ నుంచి వచ్చినవారిలో దగ్గు లేనివారు చాలా అరుదు. పడుచువారికి అది వారం రోజుల బాధ. కాని 65 దాటిన వారికి, షుగరు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు అదే న్యుమోనియాగా మారవచ్చు. ఫ్లూ టీకా ఏడాదికొకసారి వేయించుకోవాలి. వృద్ధులు న్యుమోకోకల్ టీకా గురించి కూడా వైద్యుణ్ణి అడగాలి.

3. పోలియో చుక్కలు: మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ధృవీకరణ పొందింది. అయినా ప్రపంచంలో పోలియో పూర్తిగా పోలేదు. అన్ని దేశాలవారూ కలిసే చోటు కాబట్టి హజ్ శిబిరాల్లో పెద్దవారికి కూడా చుక్కలు వేస్తారు. "ముసలివాడికి పోలియో చుక్కలేమిటి?" అని నవ్వవద్దు.

4. ధనుర్వాతం (టిడి), టైఫాయిడ్, హెపటైటిస్–ఎ టీకాలు: ఇవి తప్పనిసరి కావు. కాని ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటినవారు మళ్ళీ వేయించుకోవటం మంచిది. మిగతావి వయసునుబట్టి వైద్యుడు చెబుతాడు.

నిబంధనలను సౌదీ ప్రభుత్వం ఏటా సవరిస్తుంది. కాబట్టి ఆ సంవత్సరపు హజ్ కమిటీ సూచనలను చూడాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి టీకా శిబిరాలు ఉంటాయి. ప్రైవేటు టూర్ల ద్వారా ఉమ్రాకు వెళ్ళేవారు మాత్రం టీకాను తామే చూసుకోవలసి వస్తుంది. అది కొన్ని వేల రూపాయల ఖర్చు. ప్యాకేజీ ధర మాట్లాడుకునేటప్పుడే ఈ ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

పనికోసం వెళ్ళేవారికి

గల్ఫ్ వీసాకు ముందు జరిగే వైద్యపరీక్షలో హెపటైటిస్–బి, టీబీ వంటివి చూస్తారు. వ్యాధి ఉన్నట్లు తేలితే అన్‌ఫిట్ అంటారు. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు గంగలో కలిసినట్లే. హెపటైటిస్–బి రాకుండా టీకా ఉంది. మొదటి రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి చొప్పున మూడు మోతాదులు. కాబట్టి విదేశానికి వెళ్ళాలన్న ఆలోచన రాగానే మొదలుపెట్టాలి. ఒక జాగ్రత్త: టీకా వేసిన కొద్దిరోజులకే రక్తపరీక్ష చేస్తే, వ్యాధి లేకపోయినా ఉన్నట్లు చూపే అవకాశం ఉంది. అందుకని టీకాకూ పరీక్షకూ మధ్య కనీసం మూడు వారాలు ఎడం ఉంచండి. నిర్మాణ పనులకు వెళ్ళేవారు ధనుర్వాతం టీకా మరువకూడదు.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో చాలావాటికి వెళ్ళేవారికి ఎల్లో ఫీవర్ టీకా కావాలి. ఇది అన్ని ఆసుపత్రుల్లో వేయరు. ప్రభుత్వం నిర్ణయించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటివి. టీకా వేసిన 10 రోజుల తర్వాత సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లుబాటవుతుంది. ఆ సర్టిఫికెట్ లేకుండా ఆ దేశాల నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఇది సజీవ క్రిమితో తయారైన టీకా. గర్భిణులు, గ్రుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు వైద్యునికి ముందే చెప్పాలి.

మన మదనపల్లె – ఒక జ్ఞాపకం

టీకా మనకు పరాయి విషయమేమీ కాదు. మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం గురించి మన పెద్దలకు తెలుసు. 1950 నుంచి ఆ సంస్థ చుట్టుపక్కల గ్రామాల్లో బి.సి.జి. టీకాపై పెద్ద ఎత్తున అధ్యయనం జరిపింది. దాని ఫలితాలను 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రచురించింది. అంటే టీకా విషయంలో ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో కొన్ని మన పల్లెల నుంచే వెళ్ళాయన్నమాట. అలాంటి గడ్డ మీద పుట్టిన మనం టీకాకు భయపడటం తగునా?

కొన్ని సందేహాలు – సమాధానాలు

టీకాలో హరామ్ పదార్థం ఉంటే?

ఈ సందేహం సహజమైనది, గౌరవించదగినది. కొన్ని టీకాల తయారీలో పందికి సంబంధించిన జెలటిన్ గాని, ఇతర పదార్థాలు గాని వాడిన మాట నిజం. 1995లో కువైట్‌లో వందమందికి పైగా విద్వాంసులు, నిపుణులు సమావేశమై, పూర్తిగా రూపాంతరం చెంది వేరే పదార్థంగా మారిన దానిపై పాత హుకుం వర్తించదని అభిప్రాయపడ్డారు. అందరు ఉలమాలూ దీనితో ఏకీభవించలేదు. 2010లో ఇండోనేషియా ఉలమా మండలి మెనింజైటిస్ టీకాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, కొన్నింటిని హలాల్ అనీ, ఒకదానిని కాదనీ ప్రకటించింది. కాబట్టి వేరే టీకా దొరికేచోట దాన్ని ఎంచుకోవటం ఉత్తమం. ఏదీ దొరకని గత్యంతరం లేని పరిస్థితిలో అల్ బఖరా సూరా 173వ వాక్యంలోని సడలింపును ఉలమాలు గుర్తుచేస్తారు. సందేహమున్నవారు టీకా మానేయకుండా, దాని పేరు తెలుసుకుని స్థానిక ఆలిమ్‌నూ, వైద్యుణ్ణీ అడగాలి.

ఉపవాసంలో టీకా వేయించుకోవచ్చా?

కండకు వేసే సూది ఆహారం కాదు కాబట్టి రోజా భంగం కాదని ఎక్కువమంది ఉలమాలు చెబుతారు. నోట్లో వేసే పోలియో చుక్కల సంగతి వేరు. అవి కడుపులోకి పోతాయి. కనుక వాటిని ఇఫ్తార్ తర్వాత వేయించుకోవాలి.

ముద్ర వేసిన కాగితం కొంటే సరిపోదా?

సరిపోదు. వేయించుకోని టీకా వేయించుకున్నట్లు చూపటం అబద్ధపు సాక్ష్యం. మహాపాపాలను పేర్కొంటూ ప్రవక్త (స) అబద్ధపు సాక్ష్యాన్ని ఎంత గట్టిగా హెచ్చరించారో మనకు తెలుసు. పాపాలు కడుక్కోవటానికి చేసే యాత్రను ఒక అబద్ధంతో మొదలుపెడతామా? పైగా ఆ కాగితం విమానాశ్రయ అధికారిని మోసం చేయగలదు గాని క్రిమిని మోసం చేయలేదు. అధికారి ఒకసారి చూసి వదిలేస్తాడు. ఆ క్రిమి మాత్రం మన గొంతులో ఉండి, ఇల్లు చేరాక పసిపిల్లవాని ప్రాణం మీదికి రావచ్చు. తాను హాని పొందకూడదు, ఇతరులకు హాని చేయకూడదు అన్నది ఇస్లాం మూలసూత్రాల్లో ఒకటి.

టీకా వేయించుకుంటే ఇక ఏ భయమూ లేదా?

అలా కూడా అనుకోరాదు. టీకా లేని ప్రమాదాలూ ఉన్నాయి. 2024 హజ్‌లో తీవ్రమైన ఎండల మధ్య 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. గొడుగు, నీళ్ళు, విశ్రాంతి మాత్రమే దానికి రక్షణ. 2012లో మొదటిసారి గుర్తించిన మెర్స్ వ్యాధికి ప్రజలకు అందుబాటులో టీకా లేదు. కనుక ఒంటెల దగ్గరికి పోవద్దు, పచ్చి ఒంటె పాలు తాగవద్దు. ఉమ్రా తర్వాత తల గొరిగించుకునేటప్పుడు లైసెన్సు ఉన్న మంగలి వద్దకే వెళ్ళి, కొత్త బ్లేడు వేయించండి. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడితే హెపటైటిస్–బి, సి, హెచ్.ఐ.వి. సోకవచ్చు.

ఎప్పుడు ఏం చేయాలి?

ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వైద్యుణ్ణి కలవండి. షుగరు, బి.పి., అలర్జీ, వాడుతున్న మందులు, గర్భం వంటి వివరాలు దాచకుండా చెప్పండి. ఎం.ఎం.ఆర్., ఎల్లో ఫీవర్ వంటి సజీవ టీకాలు రెండు సూదులు వేయవలసివస్తే ఒకే రోజు వేయించాలి, లేదా నాలుగు వారాల ఎడం ఉండాలి. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉందో లేదో చూడండి. జిరాక్సు ఒకటి ఇంట్లో ఉంచండి, అసలు కాగితం చేతిసంచిలో పెట్టుకోండి. సూది వేసిన చోట నొప్పి, ఒకరోజు జ్వరం సహజం. అరగంట అక్కడే కూర్చుని బయలుదేరండి.

ఇంట్లో చదువుకున్న పిల్లలకు ఒక మాట. అమ్మీ, అబ్బా, నానీ హజ్‌కు వెళుతుంటే సామాను సర్దటంతో మీ బాధ్యత తీరిపోదు. వారి టీకా తేదీ వ్రాసి గోడకు అంటించండి. వెంట వెళ్ళి వేయించండి. మస్జిద్‌లో హజ్ శిక్షణ ఇచ్చే పెద్దలు తవాఫ్, సయీ నియమాలతోపాటు ఈ సంగతిని కూడా ఐదు నిమిషాలు చెప్పగలిగితే ఎంతో మేలు.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు యావత్తు మానవజాతి ప్రాణాలను కాపాడినవానితో సమానమన్న భావం అల్ మాయిదా సూరా 32వ వాక్యంలో ఉంది. మన చేతికి పడే ఒక చిన్న సూది పోటుతో ఆ పుణ్యంలో మనకూ భాగం దొరికే అవకాశం ఉంది. మార్గం చూపటం అల్లాహ్ కృప, ఆ మార్గంలో నడవటం మన బాధ్యత, ఫలితం ఆయన చేతిలో ఉంది.

అల్లాహ్ మన యాత్రికులందరి హజ్‌ను, ఉమ్రాను స్వీకరించుగాక! పరదేశంలో శ్రమించే మన బిడ్డలను క్షేమంగా ఉంచుగాక! వెళ్ళినవారందరినీ ఆరోగ్యంతో తమ ఇళ్ళకు చేర్చుగాక! ఆమీన్.